పిట్ లైన్ చార్టు

నేను రైల్వేలో ప్రయాణికుల బళ్ల సంగతి చూసే కోచింగ్ సెక్షన్‌లో చేరేనాటికి అక్కడ కంప్యూటర్ లేదు. గోడంతా ఆక్రమించిన ఒక చార్టు ఉండేది. గ్రాఫ్ షీట్లు పక్కపక్కన అతికించి, వెనక గుడ్డ వేసి, పైనా కిందా చెక్క బద్దలు కొట్టి వేలాడదీసేవాళ్లు. అడ్డంగా ఇరవై నాలుగు గంటలు. నిలువుగా మా డిపోలో బండిని కింద నుంచి చూసి బాగుచేసే పిట్ లైన్లు, వాషింగ్ లైన్లు, ఖాళీ రేకులు (రేక్ అంటే ఒక బండికి కట్టిన కోచ్‌ల వరస మొత్తం) నిలబెట్టుకునే స్టేబ్లింగ్ లైన్లు. ఏ బండి రేక్ ఎన్నింటికి ఏ లైన్లోకి వస్తుందో, ఎన్నింటికి ఖాళీ చేస్తుందో పెన్సిల్ గీతలు చెప్పేవి. రోజూ నడిచే బళ్లకు నీలం, వారానికి ఒకటి రెండు రోజులు నడిచేవాటికి ఆకుపచ్చ, స్పెషళ్లకు ఎరుపు. చెరిపి చెరిపి కొన్ని గళ్లలో కాగితం పొర లేచిపోయి కింద గుడ్డ బయటపడేది. ఆ అరిగిన చోటు చూస్తే చాలు, డిపోకు ఏ గంటలో ఊపిరాడదో కొత్తగా వచ్చినవాడికి కూడా తెలిసిపోయేది. మా దగ్గర అది పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా.

కారణం సులువే. జనానికి రాత్రి ప్రయాణం కావాలి. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దిగిపోవాలి. అందుకే రాత్రంతా నడిచిన బళ్లన్నీ పొద్దున్నే ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి, సాయంత్రం మళ్లీ ఒకదాని వెనక ఒకటి బయల్దేరాలి. మధ్యలో ఉన్న ఆ పగటి గంటలే అన్నింటికీ కావాలి. పిట్ లైన్లు మాత్రం ఉన్నవే ఉంటాయి.

నాకు పని నేర్పినాయన్ని ఆఫీసులో అందరూ చీఫ్ గారు అనేవాళ్లు. చేరిన కొత్తలో నన్ను చార్టు దగ్గరికి రానివ్వలేదు. "ముందు కిందికెళ్లి పిట్ చూసిరా బాబూ. ఆరు గంటలని గీత గీసేస్తే సరా? ఆ ఆరు గంటల్లో ఎవడు ఎక్కడ ఏం చేస్తున్నాడో కళ్లతో చూసినవాడే ఆ గీత గీయాలి" అన్నారు. ఆ మాట మీద వెళ్లి నిలబడ్డాను. అప్పటి నుంచి నా ఉద్యోగం సగం అక్కడే గడిచింది.

పిట్ లైన్ అంటే రెండు పట్టాల మధ్య మనిషి నిలబడి పని చేసుకునేంత లోతున్న కాంక్రీటు గొయ్యి. రేక్ లోపలికొచ్చి ఆగగానే ఎర్రజెండా పెడతారు, రాత్రయితే ఎర్రదీపం. ఆ జెండా తీసేదాకా ఏ ఇంజనూ ఆ రేక్‌ను తాకకూడదు, కింద మనుషులుంటారు. నేను మొదటిసారి దిగినప్పుడు చక్రాల వేడి ఇంకా మొహానికి కొడుతోంది. బ్రేక్ బ్లాకుల పొడి, నూనె, పైన కడుగుతున్న నీళ్లు కలిసిన ఒక వాసన. ఒక ఫిట్టర్ టార్చి వేసి స్ప్రింగు చుట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాడు. పగులు ఉంటే పగులులా కనబడదట, దుమ్ములో సన్నటి తుప్పు చారలా కనబడుతుందట. ఇంకొకాయన ఒక బ్రేక్ బ్లాక్‌ను వేలితో తడిమి, తీసి పక్కన పెట్టాడు. ఇంకా మందంగానే ఉంది కదా అన్నాను. "వెళ్లడానికి వెళ్తుంది సార్, తిరిగి ఇక్కడిదాకా రావాలిగా" అన్నాడు.

మా ప్లానింగ్ అంతా ఆ ఫిట్టర్ చెప్పిన లెక్కే. బండి బేస్ డిపోలో, అంటే దాని సొంత డిపోలో, ఒకసారి పూర్తిగా చూసి పంపితే, రానుపోను తిరిగొచ్చేదాకా అది నిలబడాలి. అలా పూర్తిగా చూడ్డాన్ని ప్రైమరీ మెయింటెనెన్స్ అంటారు. చివర్న రేక్ మొత్తానికి బ్రేక్ పవర్ పరీక్ష చేస్తారు. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కేజీల పీడనం, ఫీడ్ పైపులో 6 కేజీలు నిలబడాలి, ప్రతి కోచ్‌లో బ్రేకు పట్టాలి, వదలాలి. అప్పుడు బీపీసీ రాసిస్తారు, అంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్. రానుపోను బండికి అది 3500 కిలోమీటర్లు లేదా 96 గంటలు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. అవతలి చివర శుభ్రం చేసి, నీళ్లు నింపి, కంటితో చూసి పంపేస్తారు. అంతకన్నా దూరం పోయే బళ్లకు అవతల కూడా సెకండరీ మెయింటెనెన్స్ ఉంటుంది, అక్కడా ఒక పిట్ వెతకాలి.

ఈ పనుల వరస తారుమారు చేయడానికి వీల్లేదు. కింది పని ముగియకుండా బ్రేకు పరీక్ష పెట్టలేం. మనుషుల్ని రెట్టింపు చేసినా ఆరు గంటల పని మూడు గంటల్లో తేలదు. పై అధికారులు ఎంతమంది అడిగినా చీఫ్ గారు ఈ ఒక్క విషయంలో మెత్తబడేవారు కాదు.

లెక్క ఎలా ఉండేదో ఒకటి చెబుతాను. బండి సాయంత్రం 5.30కి మా దగ్గర బయల్దేరి మర్నాడు పొద్దున్న 9కి అవతల చేరుతుంది. అక్కణ్ణించి అదే రోజు సాయంత్రం 4కి బయల్దేరి మూడో రోజు పొద్దున్న 7.30కి మా దగ్గరికొస్తుంది. అదే రేక్ ఆ సాయంత్రమే మళ్లీ వెళ్లిపోతుంది. కాబట్టి రోజూ నడవాలంటే రెండు రేకులు చాలు. కాగితం మీద పది గంటలు మన చేతిలో ఉన్నాయి. జనం దిగి, ప్లాట్‌ఫాం ఖాళీ చేయించి, షంటింగ్ ఇంజన్ దొరికి పిట్‌లోకి చేరేసరికి గంట. పిట్‌లో ఆరు. మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి తేవడానికి అరగంట. బయల్దేరడానికి గంట ముందు పెట్టాలి. మొత్తం ఎనిమిదిన్నర. మిగిలేది గంటన్నర.

ఆ గంటన్నర మీదే మా ఆఫీసులో ఎప్పుడూ పేచీ. బళ్లు నడిపించే ఆపరేటింగ్ విభాగం వాళ్లు అది ఖాళీ అనేవాళ్లు. లైను గంటన్నర ఊరికే ఉంది కదా, అక్కడ ఇంకో ప్యాసింజర్ రేక్ కడగొచ్చు కదా అని. చీఫ్ గారు ఆ ఖాళీ మీద పెన్సిల్‌తో సన్నగా అడ్డగీతలు కొట్టి ఉంచేవారు, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకూడదన్న గుర్తు. బండి మూడు గంటలు ఆలస్యంగా వస్తే అందులో సగం ఆ గీతలే మింగేసేవి, మిగతా సగమే సాయంత్రం జనం మీద పడేది. ఆ ఖాళీలో ఇంకో రేక్ ఉంటే ఒక ఆలస్యం రెండు బళ్లకు అంటుకుంటుంది, సాయంత్రానికి నాలుగింటికి. నేను సీట్లోకి వచ్చాక కూడా ఆ అడ్డగీతల్ని చెరపనివ్వలేదు. అందుకు మాటలు పడ్డాను. ఇప్పటికీ అదే సరైనదని నమ్ముతున్నాను.

డిసెంబర్, జనవరి నెలలొస్తే మాకు గుండె దడ. మా వైపు మంచు ఉన్నా లేకపోయినా, ఉత్తరాదిలో పొగమంచు పడితే అటునుంచి వచ్చే బళ్లు ఎనిమిది, పది గంటలు ఆలస్యం. పొద్దున్న రావాల్సింది సాయంత్రం వస్తుంది. అప్పటికి అది మళ్లీ బయల్దేరాల్సిన వేళ. గంటన్నర ఏ మూలకి? అలాంటప్పుడు ఆదుకునేది వారపు బండి రేక్. మంగళవారం వచ్చి శుక్రవారం వెళ్లే బండి ఉందనుకోండి, ఆ రేక్ మూడు రోజులు స్టేబ్లింగ్‌లో నిలబడి ఉంటుంది. మామూలుగా అయితే శుక్రవారం పొద్దున్న పిట్‌లో పెట్టి సాయంత్రం పంపేస్తారు, అదే తేలిక. చీఫ్ గారి పద్ధతి వేరు. వచ్చిన రాత్రే పిట్‌లో పెట్టించి పని పూర్తి చేయించేవారు. ఎప్పుడు ఎవరికి అవసరమొచ్చినా తయారుగా ఉండేది. శుక్రవారం బయల్దేరేముందు దాన్ని మళ్లీ చూసుకోవాల్సి వచ్చేది, డిపో వాళ్లకు ఆ మేరకు పని పెరిగేది, సణుక్కునేవాళ్లు. ఒక జనవరి రాత్రి ఢిల్లీ వైపు బండి ఇంకా సగం దారిలో ఉండగానే, ఆ వారపు రేక్‌ను దాని పేరు మీద పెట్టి టైముకే పంపాం. స్లీపర్లు, ఏసీలు ఎన్ని ఉండాలో అన్నీ సరిపోయాయి, రిజర్వేషన్ చార్టు ఒక్క బెర్తు కూడా మార్చనక్కర్లేకపోయింది. ప్లాట్‌ఫాం మీద జనం మామూలుగా ఎక్కారు, మామూలుగా వెళ్లిపోయారు. సణిగిన డిపో సూపర్‌వైజరే ఆ రాత్రి ఫోన్ చేసి, "మీ ముసలాయన మాట నిజమే సార్" అన్నాడు.

ఎప్పుడు అన్నది ఇలా ఉంటే, ఎక్కడ అన్నది ఇంకో కథ. ఆ రోజుల్లో ఫిబ్రవరి చివర్లో రైల్వే బడ్జెట్ వేరుగా ఉండేది. 2016లోదే ఆఖరుది, ఆ తర్వాతి ఏడాది నుంచి సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. మంత్రిగారు పార్లమెంటులో కొత్త బళ్ల జాబితా చదువుతుంటే దేశమంతా తమ ఊరి పేరు కోసం వినేది, మేము పిట్ కోసం వినేవాళ్లం. ఒక్కో పేరు వినబడగానే చీఫ్ గారు కళ్లు మూసుకుని, "ఇది మన నెత్తినా, అవతలివాళ్ల నెత్తినా?" అనేవారు. కొత్త టైం టేబుల్ అప్పట్లో జూలై 1 నుంచి. ఈలోగా ఆ బండికి బేస్ ఏదో తేలాలి. బేస్ అంటే ఆ రేక్‌కు పుట్టిల్లు లాంటిది. ప్రైమరీ మెయింటెనెన్స్, స్పేర్ కోచ్‌లు, సామాన్లు, పెద్ద రిపేర్లకు పంపే బాధ్యత అన్నీ ఆ డిపోవే. రెండు చివరలా ఎవరికీ పిట్ ఖాళీ ఉండదు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచేవి. చివరికి ఏ చివర బండి ఎక్కువ సేపు ఆగుతుందో, ఆ వేళకు ఏ లైను తెరిపిన ఉంటుందో చూసి తేల్చేవాళ్లు.

కొన్ని బళ్లు రాత్రి 11.40కో, తెల్లవారుజామున 4.50కో బయల్దేరడం చూసి ఈ టైము ఎవరు పెట్టారండీ అని జనం విసుక్కుంటారు. చాలాసార్లు ఆ టైము పెట్టింది పిట్ లైనే. పగటి గంటలు నిండిపోయాక కొత్త బండికి మిగిలేది రాత్రి పిట్. రాత్రి పిట్‌లో తయారైన రేక్ తెల్లవారుజామునే వెళ్లగలదు. ఒక కొత్త బండి బయల్దేరే వేళను నలభై నిమిషాలు ఆలస్యంగా మార్పించడానికి మేం రెండు నెలలు తిరిగాం. ఆ నలభై నిమిషాలతో అది వేరే బండి వదిలిన పిట్‌లో ఇమిడిపోయింది, ఇంకో రేక్ అడగనక్కర్లేకపోయింది. ఆ బండి ఇవాళ్టికీ అదే వేళకు బయల్దేరుతుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇవి రోజువారీ లెక్కలు. వీటి వెనక నెలల లెక్క ఒకటి నడుస్తూ ఉంటుంది. ఈసారి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు కోచ్ చివరి గోడ మీద కింది భాగం చూడండి. వర్క్‌షాప్ కోడ్, అక్కడ పీఓహెచ్ అయిన తేదీ, మళ్లీ వెళ్లాల్సిన రిటర్న్ డేట్ పెయింటుతో రాసి ఉంటాయి. పీఓహెచ్ అంటే కోచ్‌ను వర్క్‌షాప్‌కు తీసుకెళ్లి చక్రాల దగ్గర్నుంచి సీట్ల దాకా విప్పి బాగుచేసి, రంగు వేసి పంపడం. మాకు లాలాగూడ, తిరుపతి వర్క్‌షాపులు. చెన్నైలోని పెరంబూర్ ఫ్యాక్టరీ తరహా నీలం కోచ్‌లకు మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్లలో మొదట ఏడాదికోసారి ఉండేది, తర్వాత 18 నెలలకు పెంచారు, మధ్యలో తొమ్మిదో నెలకు ఐఓహెచ్, అంటే నడిమధ్య చేసే ఓవర్‌హాల్. ఇవి కాక డిపోలోనే నెలకో 'ఏ' షెడ్యూల్ తనిఖీ, మూడు నెలలకో 'బీ' షెడ్యూల్ తనిఖీ. రిటర్న్ డేట్ దాటిన కోచ్‌ను బండిలో ఉంచకూడదు.

ఇందులో చిక్కు ఏమిటంటే, రేక్ మొత్తం ఒకేసారి వస్తే దాని కోచ్‌లన్నిటికీ ఒకే నెలలో డ్యూ వస్తుంది. వర్క్‌షాప్ నెలకు ఇన్నే తీసుకోగలదు. పైగా ఆ నెల ఏప్రిలో, మేనో అయితే వేసవి సెలవుల రద్దీలో ఒక్క కోచ్ కూడా వదులుకోలేం. అందుకని కొన్నిటిని రెండు మూడు నెలల ముందే పంపేవాళ్లం, వర్షాలు మొదలయ్యాక కొన్ని, దసరా రద్దీ మొదలయ్యేలోపు కొన్ని. అలా ఏడాదంతా పరిచేస్తే ఏ నెలా విరగదు. ఇంకా రెండు నెలలు తిరిగే కోచ్‌ను ముందే ఎందుకు పంపారని ఆడిట్‌లో అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు నేను రాసిన జవాబులన్నీ కలిపితే ఒక పుస్తకమవుతుంది. రెండు నెలలు పోగొట్టుకున్న మాట నిజమే. దానికి బదులు మే నెలలో ఇరవై కోచ్‌లు రిపేరు కోచ్‌లను పెట్టే సిక్ లైన్లో వరసకట్టి నిలబడలేదు. జరగనిదాన్ని లెక్క చూపించడం చాలా కష్టం, ఈ ఉద్యోగంలో మమ్మల్ని బాధపెట్టింది అదొక్కటే.

దీనికి నా దగ్గర ఒక లావుపాటి రిజిస్టర్ ఉండేది. కోచ్ నంబర్ల వారీగా పేజీలు. కోచ్ నంబర్‌లో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం. చాలా కోచ్‌ల నంబర్లు నోటికి వచ్చేవి, ఏది ఎప్పుడు ఎక్కడ మొరాయించిందో కూడా. సెలవు మీద ఎక్కడికైనా వెళ్తున్నప్పుడు ఎదురు ప్లాట్‌ఫాం మీద మా కోచ్ కనబడితే కళ్లు ముందు ఆ రిటర్న్ డేట్ మీదికే పోయేవి. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు.

ఆ తర్వాత ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం కోచ్‌లు వచ్చాయి. జర్మనీ నుంచి మొదటివి 2000లో వచ్చాయి, తర్వాత కపూర్తలాలో తయారీ మొదలైంది. మా డిపోకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. వస్తూనే మా చార్టును తలకిందులు చేశాయి. పాత కోచ్ కన్నా ఇది దాదాపు రెండు మీటర్లు పొడవు. 24 పాత కోచ్‌లు పట్టే పిట్ లైన్లో 22 మాత్రమే పట్టాయి. ఒక కోచ్‌ను ఇంకోదానికి తగిలించడానికి పాతవాటికి స్క్రూ కప్లింగ్, వీటికి సెంటర్ బఫర్ కప్లర్, రెండూ కలవవు. స్లీపర్‌లో పాతవాటికి 72 బెర్తులు, వీటికి 80. అంటే ఇన్నాళ్లూ ఆపద్ధర్మానికి దాచుకున్న స్పేర్ కోచ్‌లు కొత్త రేక్‌కు పనికిరావు. వాటికి వేరే స్పేర్లు, వేరే సామాన్లు. పిట్ దగ్గర బండికి కరెంటిచ్చే జనరేటర్ కార్లు నడపకుండా లైట్లు, ఏసీలు పరీక్షించడానికి 750 వోల్టుల సప్లై కావాలి, అది అన్ని లైన్లకూ ఒక్కసారిగా రాలేదు. కొన్నాళ్లపాటు ఏ లైన్లో ఏ రకం రేక్ పెట్టొచ్చో పక్కన రాసుకుని చార్టు గీశాం.

కానీ మంచి కోచ్‌లవి, అందులో సందేహం లేదు. డిస్క్ బ్రేకులు. పట్టాలు తప్పినా ఒక కోచ్ మీదికి ఇంకోటి ఎక్కే ప్రమాదం తక్కువ. షెడ్యూళ్ల పేర్లు కూడా మారాయి, నెలకు డీ టూ, ఆరు నెలలకు డీ త్రీ, వర్క్‌షాప్‌కు 18 నెలలు లేదా 6 లక్షల కిలోమీటర్లకు. కిలోమీటర్ల లెక్క రావడం నాకు చాలా నచ్చింది. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే కోచ్, వారానికోసారి కదిలే కోచ్ ఒకే తేదీకి డ్యూ కావడం ఏం న్యాయమని నేను మొదట్నుంచీ అనుకునేవాణ్ణి. పెరంబూర్‌లో పాత రకం కోచ్‌ల తయారీ 2018 జనవరిలో ఆగిపోయిందని విన్నరోజు మాత్రం మనసు చివుక్కుమంది. 1955 నుంచి దేశాన్ని మోసిన పెట్టెలవి.

కంప్యూటర్లు వచ్చాక రిజిస్టర్ పోయింది, తర్వాత గోడ మీది చార్టు కూడా పోయింది. ఏ కోచ్ ఏ బండిలో ఎక్కడుందో, ఏ షెడ్యూల్ ఎప్పుడు డ్యూ అవుతుందో తెర మీదే కనబడుతుంది. అది గొప్ప సుఖం. ఒక కోచ్ కోసం నాలుగు స్టేషన్లకు ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి పాత పద్ధతే బాగుండేదని అనను. అడ్డగీతలు కొట్టే చోటు మాత్రం ఆ తెర మీద లేదు. ఖాళీ గడి అంటే అక్కడ తెల్లగా, ఎవరైనా నింపుకోవచ్చన్నట్టు కనబడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు నేను పట్టుబట్టి నేర్పింది ఇదొక్కటే, ఆ తెల్లటి గడుల్లో ఏవి నిజంగా ఖాళీనో, ఏవి కావో.

వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు వందే భారత్ రేకుల ప్లానింగ్ చూస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆ బండి మొత్తం ఒకే సెట్టు, మనలా ఒక కోచ్‌ను విప్పి సిక్ లైన్లో పెట్టి ఇంకోటి తగిలించడం కుదరదు. ఒక్క కోచ్‌లో తేడా వచ్చినా సెట్టు అంతా నిలబడిపోతుంది. స్పేర్ అంటే ఇంకో బండి మొత్తం. అందుకే వాటిని ఎక్కువగా వారానికి ఆరు రోజులే నడుపుతారు, ఏడో రోజు మెయింటెనెన్స్‌కు. ఆ సెలవు రోజును తీసేసి ఏడు రోజులూ నడపమని జనం అడుగుతున్నారు సార్, ఏం చెప్పమంటారని మొన్న అడిగింది. ఇంకో సెట్టు ఇస్తారేమో ముందు అడగమ్మా, ఇవ్వకపోతే ఆ రోజును మాత్రం వదలకు అన్నాను. "నేనూ అదే రాసి పంపాను సార్" అంది.